రహస్యాలు ఎనభై మూడు శాతం

పడవల నమోదు సంస్థలో నాకిది ఇరవై రెండో ఏడు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది ఒకటే. పైనుంచి వచ్చిన సర్క్యులర్‌ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించకూడదు, అమలు చెయ్యాలి. అర్థం చేసుకున్నవాళ్ళు బదిలీ మీద పోయారు. అమలు చేసినవాళ్ళు ప్రమోషన్ మీద పోయారు. నేను రెండూ సగం సగం చేశాను కాబట్టి సీనియర్ అసిస్టెంటుగా ఇక్కడే ఉన్నాను.

ఈసారి సర్క్యులర్ మే నెల చివరి వారంలో వచ్చింది. ఇకమీదట సంస్థలోని కంప్యూటర్లన్నీ డబ్బు పోసి కొన్న సిస్టమ్ మీద కాకుండా, ఉచితంగా దొరికే లైనక్స్ మీద నడవాలట. ఇంతవరకు సబబుగానే ఉంది. రెండో పేరాలో ఇలా ఉంది: "కొత్త సిస్టమ్ బరువు మోయగలదో లేదో తేల్చుకొనుటకై, జతపరచిన డిస్కులోని పరీక్షా ప్రోగ్రామును చివరివరకు నడిపి, ఫలితాల పట్టికలోని మూడు అంశములలోనూ నూరు శాతము సాధించి, ధ్రువీకరణ పొందవలెను. అంతవరకు ఏ విధమైన లైసెన్సులూ జారీ చేయరాదు."

డిస్కులో ఉన్నది పాత తుపాకీ ఆట. ఒకప్పుడు ఇంటర్నెట్ సెంటర్లలో కాలేజీ కుర్రాళ్ళు క్లాసులు ఎగ్గొట్టి ఆడేవారే, అది. ఆడేవాడి మొహం కనపడదు. తెర అడుగున ఒక చెయ్యీ, ఒక తుపాకీ కనపడతాయి. చీకటి గదుల్లో ఎదురొచ్చిన రాక్షసినల్లా కాల్చుకుంటూ పోవడమే పని. హెడ్డాఫీసులో కంప్యూటర్లు పరీక్షించిన ఇంజనీరెవరో సరదాకి దాన్ని నడిపి, డిస్కులోనే వదిలేసి, "ఇది నడిపి చూస్తే చాలు" అని ఒక చీటీ రాసి ఉంటాడు. ఆ చీటీ ఐదు బల్లలు దాటేసరికి సర్క్యులర్ అయింది. ఇది నా ఊహ. ఊహల్ని కాగితం మీద పెట్టే అలవాటు నాకు లేదు.

జూన్ రెండున సూరాడ గురమ్మ వచ్చింది. మా జెట్టీలో నూట నలభై పడవలుంటే అందులో ఒకటి ఆమెది. నడిపేది కొడుకూ, మరో నలుగురూ. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ పధ్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలల్లోనే అందరూ లైసెన్సులు తిరగరాయించుకుంటారు. నిషేధం ఎత్తేశాక మొదటి పదిహేను రోజుల్లో పడే చేపతోనే వాళ్ళకి సగం సంవత్సరం గడుస్తుంది. కాగితం లేని పడవ కదలడానికి వీల్లేదు. జెట్టీ గేటు దగ్గర మా ఇన్‌స్పెక్టర్లు ముగ్గురు కుర్చీలేసుకుని కూర్చుంటారు. కాగితం లేకుండా తాడు విప్పితే పడవని జప్తు చేస్తారు.

"బాబూ, పడవ కాయితం ఎప్పుడిస్తారు? పదేనో తారీకు పొద్దున్నే ఏటకెల్లాల. అయిదు కొంపలు ఆ పడవ మీదే ఉన్నాయి" అంది గురమ్మ.

"కంప్యూటరు పరీక్షలో ఉందమ్మా."

"ఏటి పరీచ్చ?"

"రేపు రామ్మా" అన్నాను. ఇరవై రెండేళ్ళుగా ఈ మాట అంటూనే ఉన్నాను, ప్రతిసారీ కొంచెం సిగ్గేస్తూనే ఉంటుంది.

లైనక్స్ మీద ఆ ఆట ఒక పట్టాన లేవలేదు. నడిపించబోతే ఫలానా లైబ్రరీ, అంటే దానికి తోడుండాల్సిన ఫైలు, లేదంది. అది తెచ్చి పెడితే, దానికి ఇంకో లైబ్రరీ కావాలంది. దానికి మరొకటి. మా సూపరింటెండెంట్ లీలావతి గారు నా వెనక నిలబడి చూసి ముచ్చటపడ్డారు. "ఆదాయ ధ్రువపత్రానికి రేషన్ కార్డు, రేషన్ కార్డుకి చిరునామా రుజువు, చిరునామా రుజువుకి ఆదాయ ధ్రువపత్రం. ఎవరు చేశారో కానీ నాయుడూ, ఆఫీసు తెలిసినవాళ్ళే చేశారు" అన్నారు.

లైబ్రరీలన్నీ కుదిరాక తెర మీద కొత్త వాక్యం వచ్చింది, మీకు అనుమతి లేదని. డిప్యూటీ డైరెక్టర్ కామేశ్వరం గారిని పిలిచి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"ముప్పై ఏళ్ళుగా ఈ మాట నేను జనానికి చెబుతున్నాను. ఒక యంత్రం నాకు చెప్పడం ఇదే మొదలు. ఎవరి అనుమతి కావాలట?"

"రూట్ అని ఒకరుంటారండి. ఆ పేరుతో లోపలికెళితే ఏదైనా చెయ్యొచ్చు. ఆయన మీద ఇంకెవరూ ఉండరు."

"కేడర్ ఏమిటి?"

"కేడర్ లేదండి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్ళే."

పై అధికారి లేని పోస్టు ఒకటి ఈ భూమ్మీద ఉందని తెలిసి కామేశ్వరం గారి కళ్ళు చెమ్మగిల్లాయి. సీనియారిటీ ప్రకారం ఆ బాధ్యత తామే స్వీకరిస్తున్నట్టు అప్పటికప్పుడు ఉత్తర్వు ఇచ్చుకున్నారు. గది బయట బోర్డు మీద "డిప్యూటీ డైరెక్టర్ మరియు రూట్" అని రాయించారు. పాస్‌వర్డ్‌ని లక్క సీలు వేసిన కవర్లో పెట్టి, కవరు బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని రెండు రోజులు క్యాంపుకి వెళ్ళారు. ఆ రెండు రోజులూ గురమ్మ వచ్చింది. "రూట్ గారు క్యాంపులో ఉన్నారమ్మా" అని చెప్పి పంపాను.

జూన్ ఐదున ఆట లేచింది. మొదట బొమ్మ వచ్చింది, చప్పుడు రాలేదు. చప్పుడు లేని పరీక్ష పరీక్షే కాదన్నారు లీలావతి గారు. మధ్యాహ్నానికి చప్పుడు కూడా తెప్పించాను. తుపాకీ పేలగానే రికార్డు రూములో నిద్రపోతున్న అటెండరు కాగితాల కట్టలతో సహా కింద పడ్డాడు.

మొదటి లెవెల్ నేనే దాటించాను. చివర్లో ఫలితాల పట్టిక వచ్చింది. సంహారం ముప్పై ఒక శాతం, వస్తువుల సేకరణ పన్నెండు శాతం, రహస్యాలు సున్నా.

"సున్నా!" అన్నారు కామేశ్వరం గారు. సర్కారు పట్టికలో సున్నా కనపడితే ఆయనకి బీపీ లేస్తుంది. "రహస్యాలంటే ఏమిటి?"

"కొన్ని గోడల వెనక దొంగ గదులుంటాయండి. గోడ దగ్గర నిలబడి స్పేస్ బార్ నొక్కితే తెరుచుకుంటాయి. ఏ గోడో చెప్పరు."

"సర్, ఇది ఆట అండీ, అసలు..." అని నేనింకా ఏదో అనబోయాను.

"ఆట అని ఎక్కడ రాసుంది నాయుడూ? సర్క్యులర్‌లో పరీక్షా ప్రోగ్రాము అని ఉంది. నువ్వు చూసింది తెర. నేను చూసింది సర్క్యులర్."

అప్పుడు లీలావతి గారు అసలైన పాయింటు తీశారు. "సర్, సంహారానికి మనకి అధికారం ఎక్కడిది? సదరు జీవులు ఆ భవనంలో ఏ ప్రాతిపదికన ఉన్నాయో మనకి తెలియదు. కాగితాలు లేకుండా ఉంటే అవి అనధికార నివాసులు. అనధికార నివాసులకైనా సరే, నోటీసు ఇవ్వకుండా చర్య తీసుకుంటే రేపు కోర్టులో నిలబడదు."

కామేశ్వరం గారికి ఆ మాట నచ్చింది. నోటీసు తయారైంది. ప్రతి రాక్షసి ఎదుటా లీలావతి గారు దాన్ని పైకి చదవాలి, ఆ తర్వాతే నేను కాల్చాలి. రాక్షసులకి ఈ పద్ధతి అలవాటు లేదు. "ఇందుమూలముగా మీకు తెలియజేయునది ఏమనగా" దగ్గరికి వచ్చేసరికి నిప్పు ఉండలు విసిరేవి. ఒక్క పూటలో సంస్థ నలభై ఒక్కసార్లు మరణించింది. నలభై ఒక్కసార్లూ "ఏమనగా" దగ్గరే.

"చచ్చిపోతే ఎలా?" అన్నారు కామేశ్వరం గారు దిగులుగా.

"ముందు భద్రపరిచిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టచ్చండి. చావక ముందుకి వెళ్ళిపోతాం."

"అంటే పాత తేదీ వేసి సరిచెయ్యడం!" ఆయన మొహం వెలిగింది. "జీవితమంతా గుండె చేత్తో పట్టుకుని చేసిన పని. దీనికి ఇక్కడ ఏకంగా ఒక మీట పెట్టారా?"

నోటీసు సమస్యకి దారి కూడా లీలావతి గారే చూపించారు. నోటీసు పుచ్చుకోవడానికి మనిషి దొరకనప్పుడు ఏం చేస్తాం? ఇద్దరు సాక్షుల సమక్షంలో తలుపుకి అంటిస్తాం. అంటిస్తే అందినట్టే. కాబట్టి లెవెల్ మొదలయ్యే ముందు మానిటర్ అంచుకి బంకతో నోటీసు అంటించి, సాక్షుల సంతకాలు తీసుకుంటే చాలు. ఒక సాక్షి అటెండరు. రెండో సాక్షి సంస్థ మనిషి కాకూడదు, ప్రజల్లోంచి రావాలి. అప్పుడే గుమ్మంలో గురమ్మ కనపడింది.

"ఏటి బాబూ, సంతకమెట్టమంతే ఎడతాను కానీ, దేనికి?" అంది.

"ఈ రాక్షసులకి నోటీసు అందిందని."

గురమ్మ తెర వంక చూసింది, నోటీసు వంక చూసింది, నా వంక చూసింది. "మా ఊర్లో దయ్యాలకి కూడా ఇంత మర్యాద నేదు బాబూ" అని సంతకం పెట్టింది. ఆ రోజు నుంచి పదిన్నరకల్లా వచ్చి, కంప్యూటరు పక్కన స్టూలు మీద కూర్చోవడం ఆమె పనైంది. కాగితం కోసం వచ్చిన మనిషిని సాక్షిగా కట్టేశాం. ఆమె మాత్రం, సాక్ష్యం చెబితే కాగితం తొందరగా వస్తుందని ఆశపడింది. వద్దని చెప్పలేకపోయాను.

వారం వారం కమిషనర్ గారి వీడియో సమీక్ష ఉంటుంది. జూన్ తొమ్మిదిన ఆయన మా జిల్లా మీద పడ్డారు. "కామేశ్వరం గారూ, మీరు సంహారంలో బాగా వెనకబడి ఉన్నారు. పక్క జిల్లా చూడండి, అన్ని లెవెల్సులోనూ నూరు శాతం. ప్రజాసేవ పట్ల మీకు నిబద్ధత లేదా?"

పక్క జిల్లాలో ఎలా సాధించారో నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. కొన్ని అక్షరాలు వరసగా కొడితే ఆడేవాడికి చావు లేని వరం వస్తుందట. దాన్ని దేవుడి మోడ్ అంటారు. కామేశ్వరం గారు ఆలోచించి ఫైలు నడిపారు. దైవత్వానికి అర్హత ఏ హోదా నుంచి మొదలవుతుంది అన్న ప్రశ్న దగ్గర ఫైలు ఆగింది. డిప్యూటీ డైరెక్టరు దేవుడైతే కమిషనర్ గారు ఏమవుతారు? ఇది వినయానికి సంబంధించిన విషయమని లీలావతి గారు నోటు రాశారు. మేం మామూలు మనుషుల్లాగే చావాలని నిర్ణయమైంది.

సంహారం, వస్తువులు ఎలాగో నూటికి చేరాయి. మిగిలింది రహస్యాలు. అప్పుడు కామేశ్వరం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "దాచిపెట్టినవి కనిపెట్టడం మనలో ఎవరి వృత్తి? ఇన్‌స్పెక్టర్లది. పడవ అడుగున దాచిన నిషేధపు వలలు పట్టేవాళ్ళకి గోడల వెనక గదులొక లెక్కా?"

జూన్ పదిన గేటు దగ్గరి ముగ్గురు ఇన్‌స్పెక్టర్లనీ ఆఫీసుకి రప్పించి, "రహస్య శోధన విధులు" అప్పగించారు. ఉదయం ఆరు నుంచి షిఫ్టు. ఒకరు ఎడమ గోడలు, ఒకరు కుడి గోడలు, మూడో ఆయన పర్యవేక్షణ. మూడు అడుగులకోసారి స్పేస్ బార్ నొక్కుతూ సొరంగాల వెంట నడిచేవారు. కుడి గోడల ఆయన టీకి వెళ్ళినప్పుడు కుడి గోడలు ఎవరూ ముట్టుకోకూడదు. అది ఆయన అధికార పరిధి.

జూన్ పదమూడున ఎనిమిదో లెవెల్లో ఒక రహస్యం ఎంతకీ దొరకలేదు. ఇన్‌స్పెక్టర్లు రెండు గంటలు గోడలు తడిమి అలిసిపోయారు. స్టూలు మీంచి గురమ్మ అంది.

"ఆ మూల సూడండి బాబూ. అక్కడ రంగు మారింది."

"ఎక్కడమ్మా? అంతా ఒకటే బూడిద రంగు కదా!"

"మీకట్లాగుంటాది. సేపల గుంపు కిందుంతే పైన నీరు ఇలాగే కొద్దిగా మారతాది. నలబై ఏళ్ళు సూసినాను."

ఆ మూలకెళ్ళి మీట నొక్కారు. గోడ గరగరమంటూ లేచింది. రహస్యాలు నూరు శాతం. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కామేశ్వరం గారు "ఇన్‌స్పెక్టర్ల అవిరళ కృషి ఫలితముగా" అని రికార్డు చేయించారు. సాక్షి శోధనలో పాల్గొనడానికి నిబంధనలు ఒప్పుకోవట.

ఇక తొమ్మిదో లెవెల్, ఆఖరిది. ఇందులో ఆరు రహస్యాలున్నాయి. పధ్నాలుగు మధ్యాహ్నానికి ఐదు దొరికాయి. ఎనభై మూడు శాతం. ఇన్‌స్పెక్టర్లు భోజనానికి వెళ్ళారు. గదిలో నేనూ గురమ్మా మిగిలాం.

"బాబూ, ఈ ఆరోది దొరికితే అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే."

"అయితే నా కాయితం రేపిచ్చేస్తారా?"

ఆ గొంతులో ఆశ చూసి అబద్ధం చెప్పాలనిపించింది. కానీ తొమ్మిది రోజులు నా పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషి. "లేదమ్మా. ఫలితాలు హెడ్డాఫీసుకి పంపాలి. వాళ్ళు పరిశీలించి ధ్రువీకరణ ఇవ్వడానికి ఇరవై ఒక్క రోజులు. ఆ తర్వాతే లైసెన్సులు" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

గురమ్మ నెమ్మదిగా అడిగింది. "ఇది అయిపోతే ఈ ముగ్గురు బాబులూ ఏటి సేస్తారు?"

"ఇంకేం చేస్తారు? రేపు పొద్దున్నుంచి మళ్ళీ గేటు దగ్గర కూర్చుంటారు."

"అవకపోతే?"

"అయ్యేదాకా ఇక్కడే."

గురమ్మ తెర వైపు తిరిగింది. పెద్ద హాలు, చుట్టూ గోడలు. ఆమె చూపు ఒక్కొక్క గోడ మీంచీ నింపాదిగా జరిగింది, పడవ ముందు భాగంలో నిలబడి నీళ్ళు చూసేవాళ్ళ చూపులా. ఎడమ పక్క మెట్ల కింద ఉన్న గోడ దగ్గర ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది. నేనూ అటే చూశాను. తదేకంగా చూస్తే ఆ గోడ రంగు ఆవగింజంత పచ్చగా ఉన్నట్టు నాకూ తోచింది.

భోజనం ముగించి ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. వెనకే కామేశ్వరం గారు. "ఏమమ్మా, నీకు గోడల రంగులు తెలుస్తాయట కదా! అనధికారికంగా ఒకసారి చూసి చెప్పు" అన్నారు, చుట్టూ చూసి గొంతు తగ్గించి.

గురమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకేటీ అగుపడ్డం నేదు బాబూ. ముసల్దాన్నయిపోయినాను. కల్లు మసకలు" అంది.

స్టూలు మీంచి లేచి, సాక్షి సంతకం పెట్టి, నా వంక చూడకుండా వెళ్ళిపోయింది.

పదిహేను ఉదయం ఆరు గంటల షిఫ్టుకి నేను వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్లు గోడలు తడుముతున్నారు. మా ఆఫీసు జెట్టీకి ఎదురుగానే. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర మూడు ఖాళీ కుర్చీలు, ఒక దాంట్లో కుక్క. మొదట ఒక ఇంజను చప్పుడు, వెనకే పది, ఆ తర్వాత లెక్క తప్పింది. గురమ్మ పడవ తాడు విప్పుకుని అందరికంటే ముందు పోతోంది. గురమ్మ ఒడ్డున నిలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతోంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో మా సంస్థ వల్ల ఎవరికైనా మేలు జరగడం నేను కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

"ఆ చప్పుడేమిటి నాయుడూ?" అన్నారు కామేశ్వరం గారు లోపలికి వస్తూ.

"ఇంజన్లండి."

"కిటికీ మూసెయ్. రాక్షసుల అడుగుల చప్పుడు వినపడటం లేదు."

కిటికీ మూశాను.

జూన్ నెల నివేదికలో "లైసెన్సు లేకుండా వేటకు వెళ్ళిన పడవలు" అన్న గడిలో సున్నా రాశాం. గేటు దగ్గర చూసిన ఇన్‌స్పెక్టరు లేడు కనక ఒక్కటీ పట్టుబడలేదు. ఆ ఒక్క గడిలో సున్నా ఉంటే మాత్రం అది నూరు శాతంతో సమానం. పక్క జిల్లాలో పరీక్ష ముందే ముగిసింది కాబట్టి వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు గేటు దగ్గరే ఉన్నారు. తొంభై పడవలు జప్తు చేశారు, ఊరంతా గొడవ. కమిషనర్ గారు సమీక్షలో మా జిల్లాని ఆకాశానికెత్తారు. ఈ అద్భుతం ఎలా సాధ్యమైందని అడిగితే, "నిరంతర నిఘా సర్" అన్నారు కామేశ్వరం గారు. ప్రశంసాపత్రం వచ్చింది. గదిలో దేవుడి పటం పక్కన తగిలించుకున్నారు.

గురమ్మ ఇప్పటికీ పదిన్నరకి వచ్చి నోటీసు మీద సంతకం పెట్టిపోతుంది.

"వేట ఎలా ఉందమ్మా?" అని అడుగుతాను.

"గంగమ్మ సల్లగా సూస్తంది బాబూ. ఆరోది ఇంకా దొరకనేదా?"

"లేదమ్మా."

"తొందరేటుంది? ఎతుకుతా ఉండండి."

నిన్న హెడ్డాఫీసు నుంచి తాకీదు వచ్చింది, నెలాఖరులోగా పరీక్ష పూర్తిచెయ్యమని. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. హాల్లోకి నడిచాను. ఎడమ పక్క మెట్లు దిగి, ఆ గోడకి ఎదురుగా నిలబడ్డాను. దగ్గర్నుంచి చూస్తే సందేహమే లేదు. స్పేస్ బార్ మీద వేలు పెట్టాను.

కిటికీ అవతల పడవలు తిరిగొస్తున్నాయి. ఒడ్డున ఆడవాళ్ళు గంపలు పట్టుకుని కేకలేసుకుంటున్నారు.

వేలు తీసేశాను. వెనక్కి తిరిగి హాలు మధ్యకి వచ్చి నిలబడి, నివేదిక పుస్తకం తెరిచి ఆనాటి వరస పూర్తి చేశాను: "ఎడమ గోడలన్నియు నేను స్వయముగా పరిశీలించితిని. ఏమియు లేదు. గాలింపు కొనసాగుచున్నది."